ముప్ఫయ్యో పేజీ దాటడం లేదు

ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆవిడకు ముప్ఫై నాలుగేళ్ళు. రెండేళ్ళ క్రితం వరకు ఫాంటసీ అనే మాటే పట్టించుకోలేదు. తమ్ముడి బలవంతం మీద జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ 'ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్' మొదలుపెట్టి, ఆ వరసలో వచ్చిన ఐదు పుస్తకాలూ నాలుగు నెలల్లో లాగించేశారు. తర్వాత జో అబర్‌క్రాంబీ 'ఫస్ట్ లా' మూడు నవలలు చదివారు. అందులో రెండోదీ మూడోదీ ఆస్పత్రిలో నాన్నగారి మంచం పక్కన కూర్చుని, ఫోన్ వెలుతురు బాగా తగ్గించుకుని చదివినవి. ఎనిమిది నెలల క్రితం నాన్నగారు పోయారు. మూడు వారాలు తిరక్కుండానే తమ్ముడు "ఇవి ఇంకా డార్క్‌గా ఉంటాయి, చూడు" అంటూ పదకొండు పుస్తకాల లిస్టు పంపాడు. అందులో మొదటిది ఆర్. ఎఫ్. క్వాంగ్ రాసిన 'ది పాపీ వార్'. సగం దాటాక ఒక అధ్యాయం దగ్గర ఈవిడ పుస్తకం మూసేసి, బీరువాలో బట్టల కింద పెట్టేశారు. అప్పటి నుంచి ఏ పుస్తకం తీసినా ముప్ఫై పేజీలు దాటడం లేదు. పోనీ తేలికైనవి చదువుదామంటే "అందులో అందరూ అబద్ధం చెబుతున్నట్టు ఉంటోంది" అని రాశారు. ఇప్పుడు చదివేది రాత్రి పదకొండు దాటాక, పక్కమీద, ఫోన్‌లో. రెండింటి దాకా నిద్ర పట్టడం లేదు. భర్త "ఆ రక్తపాతం చదివితే నిద్రేం పడుతుంది, మానెయ్" అంటున్నారు. తమ్ముడేమో "ఇంతేనా అక్కా నీ టేస్టు" అంటున్నాడు.

ఆవిడ అడిగింది ఒకటే. "తర్వాత ఏం చదవాలో చెప్పండి. మళ్ళీ మధ్యలో వదిలేసే పుస్తకం మాత్రం వద్దు." కింద తాజాకలం: "తమ్ముడికి బోరు కొట్టిన నాలుగో పుస్తకమే నాకు అన్నిటికన్నా నచ్చింది. ఎందుకో తెలియదు. 'ఫస్ట్ లా'లో గ్లోక్తా మెట్లు దిగే చోటు కూడా అప్పుడప్పుడు తీసి చదువుకుంటాను."

*

మీ ఉత్తరం అంతటిలో నాకు బాగా పనికొచ్చింది ఆ తాజాకలమే. మీకేం కావాలో మీరే అక్కడ రాసేశారు. కాకపోతే అది ప్రశ్నలా లేదు కాబట్టి మీ కంట పడలేదు.

నాలుగో పుస్తకం అంటే 'ఎ ఫీస్ట్ ఫర్ క్రోస్'. 2005లో వచ్చినప్పుడు చాలామంది అభిమానులు దాని మీద విసుక్కున్నారు. వాళ్ళు ఎదురుచూసే పాత్రలు టిరియన్ లేడు, డనేరిస్ లేదు, జాన్ అధ్యాయాలు లేవు. వాళ్ళ కథలన్నీ 2011లో వచ్చిన ఐదో పుస్తకానికి వెళ్ళిపోయాయి. మిగిలిందల్లా పెద్ద యుద్ధం దాదాపు అయిపోయిన దేశం, అందులో ఎవరినో వెతుక్కుంటూ తిరిగే బ్రియెన్ అనే యోధురాలు. కాలిన పల్లెలు, కోతకు మనుషులు లేని పొలాలు, దారిలో చెప్పులు లేకుండా నడిచే ముసలి సెప్టన్ (అక్కడి పూజారి) మెరిబాల్డ్, వెంట ఆయన కుక్క. ఒకచోట ఆయన యుద్ధంలో విరిగిపోయిన మనుషుల గురించి చెబుతాడు. పాటలు పాడుకుంటూ బయల్దేరిన కుర్రాళ్ళు ఎలా నడిచారో, ఎవరెవరిని పోగొట్టుకున్నారో, ఏ రోజున వాళ్ళలో ఏదో తెగిపోయి పరుగు తీశారో నెమ్మదిగా చెప్పుకుపోతాడు. ఆ చెప్పే సమయంలో అక్కడ కత్తి దూసేవాడు ఒక్కడూ లేడు. మొత్తం ఐదు పుస్తకాల్లో అంతకన్నా చీకటి పేజీలు ఇంకెన్నో ఉన్నాయి. అయినా మీకు ఈ పుస్తకమే నిలబడిపోయింది.

ఇక గ్లోక్తా. అతను హింసించి నిజాలు రాబట్టే అధికారి. ఒకప్పుడు తనే ఆ హింసకు గురై ఒళ్ళంతా ముక్కలైనవాడు. అతని గురించి మాట్లాడమంటే చాలామంది విచారణ గదుల్లో జరిగేవే గుర్తు చేసుకుంటారు. మీరు మాత్రం మెట్లు గుర్తు పెట్టుకున్నారు. ఒక్కో మెట్టుకీ ఒక్కో లెక్క, ఏ కాలు ముందు వెయ్యాలి, ఎక్కడ పట్టుకోవాలి, కింద నిలబడినవాడు చూస్తున్నాడా లేదా. ఈ ముక్క మీ ఉత్తరంలో లేదు, నా ఊహే: మంచం మీంచి బాత్రూమ్ దాకా ఒక మనిషిని నడిపించిన చేతులకు ఆ మెట్ల సంగతి మిగతా పాఠకులకన్నా ఎక్కువ తెలుస్తుంది. నా ఊహ తప్పైతే ఈ వాక్యం కొట్టేయండి.

భారతం చదివినవాళ్ళకైతే ఒక్క మాటలో చెప్పేయొచ్చు. సౌప్తిక పర్వంలో అశ్వత్థామ అర్ధరాత్రి శిబిరంలో చొరబడి నిద్రపోతున్నవాళ్ళను చంపుతాడు. దాని తర్వాతిది స్త్రీ పర్వం. తెల్లారాక గాంధారీ మిగతా ఆడవాళ్ళూ ఆ నేల మీద నడుస్తూ ఎవరు ఎవరో గుర్తు పట్టుకుంటారు. రెండూ చీకటే. మీ తమ్ముడు మీకు వరసగా సౌప్తిక పర్వాలు పంపుతున్నాడు. మీరు చదువుకుంటున్నది స్త్రీ పర్వం.

అందుకని "ఇంకా డార్క్" అనే కొలతే మీకు పనికిరాదు. ఈ రకం నవలల గురించి మాట్లాడేటప్పుడు జనం డోసు లెక్కే చూస్తారు. ఎంతమంది చచ్చారు, ఎంత ఘోరంగా చచ్చారు, హీరో ఎంత చెడ్డవాడు. ఈ రకానికి గ్రిమ్‌డార్క్ అనే పేరు పుట్టింది కూడా వార్‌హామర్ 40,000 అనే యుద్ధపు ఆట నినాదం నుంచి. ఎటు చూసినా యుద్ధం తప్ప ఇంకేమీ లేదని చెప్పే నినాదం అది. ఆ దారిలో మంచి పుస్తకాలు లేవని కాదు, ఉన్నాయి. కానీ అదే కొలబద్దతో లిస్టు తయారైతే మొదటి దానికన్నా రెండోది, రెండో దానికన్నా మూడోది ఘోరంగా ఉండాల్సి వస్తుంది. ఎక్కడో ఒకచోట పాఠకుడు ఆగక తప్పదు. ఆగినవాడిదే తప్పన్నట్టు మాట్లాడతారు చూడండి, నాకు చిరాకు అక్కడే.

'ది పాపీ వార్' దగ్గర ఆగినందుకు మీరు సిగ్గుపడుతున్నారు కదా, దాని సంగతి కాస్త చెప్పుకుందాం. 2018లో వచ్చిన ఆ నవల మొదట్లో రిన్ అనే అనాథ పిల్ల పరీక్ష పాసై సైనిక విద్యాలయంలో చేరే కథలా నడుస్తుంది. చదువు, పోటీ, వింత గురువు. తర్వాత యుద్ధం వస్తుంది. మీరు ఏ అధ్యాయమో రాయలేదు గానీ, బహుశా గోలిన్ నీస్ నగరంలో రిన్ వాళ్ళు అడుగుపెట్టేదే అయ్యుండాలి. దానికి మూలం 1937లో నాన్‌జింగ్‌లో జపాన్ సైన్యం నిజంగా చేసిన మారణకాండ. చదివేవాళ్ళు తట్టుకోలేకపోవాలనే రాసిన అధ్యాయం అది. అక్కడ పుస్తకం మూసేశారంటే మీరు దాన్ని సరిగ్గానే చదివారు.

మళ్ళీ తెరవాలా అంటే, రెండు దారులున్నాయి. ఆ అధ్యాయం దాటేసి ముందుకు పోవచ్చు, చాలామంది అలాగే చేస్తారు. కానీ చివర్లో రిన్ తీసుకునే నిర్ణయం బరువంతా ఆ అధ్యాయం మీదే నిలబడి ఉంది. అది చదవకపోతే ముగింపు మీకు ఉత్త పిచ్చిలా కనబడుతుంది. రెండోది, ఏడాదో రెండేళ్ళో పక్కన పెట్టడం. నేనైతే ఈ రెండోదే చేస్తాను. ఎలాగూ మూడు పుస్తకాలూ 2020 కల్లా వచ్చేశాయి, ఎక్కడికీ పోవు. ఒక్క పని మాత్రం చేయండి. దాన్ని బట్టల కింద నుంచి తీసి మిగతా పుస్తకాల పక్కన పెట్టండి. దాచిన పుస్తకం రోజూ బీరువా తీసినప్పుడల్లా తగులుతూనే ఉంటుంది.

ఇప్పుడు ఆ ముప్ఫై పేజీల సంగతి. ఇందులో ఒకదానికొకటి చిక్కుపడ్డవి కొన్ని ఉన్నాయి. మొదటిది, లిస్టు మీకు సరిపడేది కాదు, అది చెప్పుకున్నాం. ఇంకొకటి, ఏ ఫాంటసీ నవలైనా మొదటి ముప్ఫై పేజీలు కూలి పని లాంటివి. ఊళ్ళ పేర్లు, వంశాల పేర్లు, ఎవరు ఎవరికి ఏమవుతారో, అక్కడ మంత్రం ఎలా పనిచేస్తుందో అన్నీ తలలో పెట్టుకోవాలి. మనసు బాగున్నప్పుడు అది సరదా. మనిషిని పోగొట్టుకున్న ఏడాదిలో బుర్రకు అంత ఖాళీ ఉండదు. అక్షరాలు కదులుతుంటాయి, పేరా చివరికొచ్చేసరికి పైన ఏముందో మరిచిపోతాం. ఇది మీ టేస్టుకు సంబంధించింది కాదు, దుఃఖంలో ఉన్న చాలామందికి జరిగేదే. మూడోది, మీరు పుస్తకం తెరుస్తున్నది రాత్రి పదకొండు తర్వాత, పక్కమీద, ఫోన్‌లో. ఆస్పత్రిలోనూ అలాగే చదివారు. అదే వెలుతురు, అదే భంగిమ, అదే వేళ. పేజీ తెరవగానే ఒళ్ళు ఆ గదిలోకి వెళ్ళిపోతోందేమో, ఒకసారి ఆలోచించండి.

ఈ లెక్కన మీవారు చెప్పింది సగం నిజం. ఆయన పుస్తకాన్ని తప్పు పడుతున్నారు, నేను వేళను తప్పు పడతాను. పదిహేను రోజులపాటు ఇలాంటివి పగలే, కుర్చీలో కూర్చుని, వీలైతే కాగితం పుస్తకంలో చదివి చూడండి. రాత్రి పడుకునే ముందు ఏదైనా చదవకుండా ఉండలేనంటే ఇదివరకు చదివేసినదేదో తీయండి. తర్వాత ఏమవుతుందో తెలిసిన పుస్తకంలో టెన్షన్ ఉండదు. ఇలా చేసినా నిద్ర రాకపోతే అది పుస్తకాల గొడవ కాదని తేలినట్టే. అప్పుడు డాక్టరుకు చూపించుకోండి. ఎనిమిది నెలల నిద్రలేమి చిన్న విషయం కాదు.

సరే, పుస్తకాల్లోకి వద్దాం. మీరు అడిగింది ఒక్కటి. నేను నాలుగైదు దారులు చూపిస్తాను, ఏ దారిలో ఏం ఎదురవుతుందో కూడా చెబుతాను. ఎంచుకోవడం మీ పని.

అన్నిటికన్నా ముందు నా మనసు 'ది టూంబ్స్ ఆఫ్ అటువాన్' మీదికి పోతోంది. ఉర్సులా లె గ్విన్ 1971లో రాసింది. మీ తమ్ముడు దీన్ని డార్క్ ఫాంటసీ లెక్కలోకే రానివ్వడు, పిల్లల పుస్తకాల వరసలో పెడతారు కాబట్టి. కానీ చీకటి అనే దాన్ని ఇంత దగ్గరగా చూపించిన నవల నాకు ఇంకోటి తెలియదు. టెనార్ అనే పసిపిల్లను ఇంట్లోంచి తీసుకొచ్చి, పేరు లేని దేవతలకు పూజారిణిని చేస్తారు. పేరు కూడా తీసేసుకుని ఆర్హా అంటారు. తినేయబడినది అని దానికి అర్థం. సమాధుల కింద ఒక పెద్ద చిక్కుదారి ఉంది, అందులో లోపలి గుహలో దీపం వెలిగించడం నిషేధం. ఆ పిల్ల గోడకు చెయ్యి ఆనించుకుని, మలుపులు లెక్కపెట్టుకుంటూ, కళ్ళతో పని లేకుండా ఆ దారులన్నీ నేర్చుకుంటుంది. ఖైదీలను ఎలా చంపాలో కూడా తనే చెప్పాలి. చెబుతుంది. తర్వాత వాళ్ళు కలలో వస్తారు. ఒకరోజు, ఎన్నడూ వెలుతురు లేని ఆ గుహలో వెలుతురు కనబడుతుంది. అంతకుమించి చెప్పను.

రెండు వందల పేజీల లోపే ఉంటుంది. పేర్లు కొన్నే. చివరి దాకా చేరిన తృప్తి ముందు మీకు కావాలి, అది ఇందులో దొరుకుతుంది. ఇది ఎర్త్‌సీ వరసలో రెండోది. 1968లో వచ్చిన మొదటిది చదవకపోయినా అర్థమవుతుంది. ఇబ్బంది ఏమిటంటే, మార్టిన్ రాజకీయాలు, అబర్‌క్రాంబీ వెటకారం ఇందులో లేవు. వాక్యం నిదానంగా, నిండుగా నడుస్తుంది. మొదటి మూడో వంతులో పెద్దగా ఏమీ జరగదు కూడా. ఆ నిదానం మీకు పడదనిపిస్తే దీన్ని మొదట పెట్టుకోకండి.

వెటకారం లేకపోతే కష్టమంటే గ్లెన్ కుక్ 'ది బ్లాక్ కంపెనీ'. 1984లో వచ్చింది. ఇవాళ గ్రిమ్‌డార్క్ అంటున్న రకానికి ముందు నడిచినవాళ్ళలో కుక్ ఒకడు. ఒక కిరాయి సైనికుల దళం, వాళ్ళకు పని ఇచ్చింది ఉత్తర దేశాన్ని గుప్పిట్లో పెట్టుకున్న భయంకరమైన మంత్రగత్తె. ఆవిడ్ని అందరూ లేడీ అంటారు. అంటే మనవాళ్ళు చెడ్డవాళ్ళ పక్షాన పోరాడుతున్నారన్నమాట, ఆ సంగతి వాళ్ళకీ తెలుసు. కథ చెప్పేది క్రోకర్. అతను దళానికి డాక్టరు, దళం చరిత్ర రాసేదీ అతనే. పగలు గాయాలు కుట్టడం, రాత్రి ఎవరు పోయారో రాయడం. పొట్టి పొట్టి వాక్యాలు, సిపాయిల భాష. పెద్ద పెద్ద దారుణాలు కూడా ఒక్క వాక్యంలో దాటిపోతాయి. డాక్టరు వాటి దగ్గర ఆగి చూపించడు, చూపించే ఓపిక అతనికి లేదు. దళంలో ఒకరినొకరు ఏడిపించుకునే ఇద్దరు ముసలి మంత్రగాళ్ళున్నారు, వన్-ఐ, గాబ్లిన్. వాళ్ళ గొడవ మొదలైందంటే కాసేపు ఊపిరి ఆడుతుంది.

యుద్ధం మధ్యలో కూడా ఎవరో ఒకరు కట్టు కడుతూనే ఉన్నారనే భరోసా ఈ పుస్తకం ఇస్తుంది. మొదటి మూడు నవలలు కలిసి ఒక కథ, 1985లో 'ది వైట్ రోజ్'తో అది ముగుస్తుంది, కాబట్టి అక్కడ ఆగిపోవచ్చు. కష్టం ముందే ఉంది. మొదటి అధ్యాయంలో కుక్ ఏదీ వివరించడు. ఎవరు ఎవరో తెలియకుండానే యాభై అరవై పేజీలు పోతాయి. మీ ముప్ఫై పేజీల జబ్బుకు ఇది పరీక్షే. పేర్లు గుర్తు పెట్టుకోవాలని ప్రయత్నించకుండా, బస్సులో పక్కవాళ్ళ మాటలు విన్నట్టు చదువుకుపోతే దారిలో పడుతుంది. నేను మొదటిసారి పేర్లన్నీ కాగితం మీద రాసుకున్నాను, అనవసరమైన చాకిరీ.

మూడో దారి రాబిన్ హాబ్ 'అసాసిన్స్ అప్రెంటిస్', 1995. ఇది చెప్పడానికి నేను కాస్త వెనకాడుతున్నాను. రక్తం తక్కువ, బాధ ఎక్కువ. ఫిట్జ్ ఒక రాకుమారుడికి పెళ్ళి కాకుండా పుట్టినవాడు. ఆరేళ్ళ వయసులో తాత తీసుకొచ్చి సిపాయిల చేతిలో పెట్టి వెళ్ళిపోతాడు. తండ్రి పేరు షివల్రీ. కొడుకు ముఖం చూడకుండానే రాజ్యం వదులుకుని దూరంగా వెళ్ళిపోతాడు. పెంచేది గుర్రపుశాల చూసే బరిచ్. ప్రేమ ఉంది గానీ, ఆ మనిషికి అది చెప్పడం రాదు. ఆ రాజ్యం తీరంలో ఓడల్లో వచ్చే దొంగలు మనుషులను ఎత్తుకెళ్ళి తిరిగి పంపుతుంటారు. తిరిగొచ్చినవాళ్ళకు ముఖం అదే, గొంతు అదే. లోపల ఎవరి మీదా ఏ మమకారమూ ఉండదు. ఇంట్లోవాళ్ళు వాళ్ళను ఏం చెయ్యాలో తెలియక తలుపు దగ్గరే నిలబడిపోతారు.

తండ్రి పోయిన ఏడాదిలో ఈ పుస్తకం రెండు రకాలుగా పనిచేస్తుంది. కొందరికి ఎన్నాళ్ళుగానో లోపల గడ్డకట్టినది కరిగిపోయి, హాయిగా ఏడ్చేస్తారు. కొందరికి ఇంకా పచ్చిగా ఉన్న చోట వేలు పెట్టినట్టుంటుంది. మీరు ఈ రెండిట్లో ఎవరో నాకు తెలియదు, బహుశా మీకూ తెలియదు. మొదటి వంద పేజీల్లోనే తేలిపోతుంది, ఫిట్జ్‌కు దొరికిన కుక్కపిల్ల దగ్గరికి వచ్చేసరికి. అక్కడ ఆపాలనిపిస్తే ఆపేయండి. ఆగకుండా సాగితే మూడు పుస్తకాలు చదివినా తనివి తీరదు. మూడోది మాత్రం సాగదీత ఎక్కువ, ముందే చెబుతున్నాను.

తెలిసిన నేల మీదే ఉండాలనుకుంటే అబర్‌క్రాంబీ 'రెడ్ కంట్రీ' ఉంది. 'ఫస్ట్ లా' ప్రపంచమే. షై అనే అమ్మాయి, పిరికివాడనిపించే మారుతండ్రి లాంబ్, ఎత్తుకుపోయిన పిల్లలను వెతుక్కుంటూ వెళ్ళే కథ. దీనికి ముందు 'బెస్ట్ సర్వ్‌డ్ కోల్డ్', 'ది హీరోస్' అని రెండు విడి నవలలున్నాయి. వరస తప్పించి దీన్నే ముందు చదివితే కథ అర్థమవుతుంది గానీ, కొందరు పాత్రల వెనక కథ పోతుంది. ఈ ప్రపంచం ఎలా ఉంటుందో మీకు ముందే తెలుసు కాబట్టి ఆ మొదటి ముప్ఫై పేజీల కూలి ఉండదు, అదొక్కటే పెద్ద లాభం. ఈయన పుస్తకాలను ఆడియోలో స్టీవెన్ పేసీ గొంతులో వినవచ్చు కూడా, గ్లోక్తాను ఆయన చదివే తీరు చాలామందికి ప్రాణం. కానీ వినేటప్పుడు ఒక చిక్కుంది. కాగితం మీదైతే కన్ను దానంతటదే ఘోరమైన పేరా మీంచి జారిపోతుంది. చెవికి ఆ వీలు లేదు, చదివినంతా పడాల్సిందే.

మీ తమ్ముడి లిస్టులో ఉన్నవాటి గురించి గబగబా. ఎన్. కె. జెమిసిన్ 'ది ఫిఫ్త్ సీజన్' గొప్ప నవల. ఆ మూడు పుస్తకాలకూ 2016, 2017, 2018ల్లో వరసగా సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డు వచ్చింది. కానీ మొదటి పేజీల్లోనే ఒక తల్లి చచ్చిపోయిన పసివాడి మీద దుప్పటి కప్పుతుంది, ముఖం మాత్రం కప్పదు, వాడికి చీకటంటే భయం కాబట్టి. మీకు ఇది ఎప్పటికైనా నచ్చుతుందని నా నమ్మకం, ఇప్పుడు మాత్రం వద్దు. క్రిస్టఫర్ బ్యూల్మన్ 'బిట్వీన్ టూ ఫైర్స్' 1348 నాటి ఫ్రాన్స్‌లో, ప్లేగు మధ్యలో జరుగుతుంది. దారి తప్పిన యోధుడు, వెంట ఒక చిన్నపిల్ల. అందులో దయ ఉంది, మీకు నచ్చే రకం దయే. కానీ రోగం, కుళ్ళు, శవాలు పేజీ పేజీకీ ఉంటాయి. ఆస్పత్రి వాసన ఇంకా ముక్కులో ఉన్నవాళ్ళకు నేను ఇవ్వను. స్టీవెన్ ఎరిక్సన్ మలజాన్ వరస పది లావుపాటి సంపుటాలు, 1999 నుంచి 2011 దాకా వచ్చాయి. రెండో దాంట్లో వేలమంది శరణార్థులను కాపాడుకుంటూ ఒక సైన్యం నడిచే కథ ఉంది, అది అచ్చంగా మీకోసం రాసినట్టే ఉంటుంది. దాని దాకా రావాలంటే మొదటిది దాటాలి. నేను ఆ మొదటిదాన్ని రెండుసార్లు వదిలేసి మూడోసారి పూర్తి చేశాను. ఈ ఏడాది మీకది శిక్ష. మార్క్ లారెన్స్ 'ప్రిన్స్ ఆఫ్ థార్న్స్', ఆర్. స్కాట్ బాకర్ నవలలు పక్కన పెట్టేయండి. మొదటిది తగలబడ్డ ఊరిని దోచుకునే కుర్రాడు నవ్వుతూ చెప్పే కథ. రెండోవాటిలో ఆలోచన లోతుగానే ఉంటుంది గానీ ఆడవాళ్ళ మీద హింస అడుగడుగునా ఉంటుంది. అవి నచ్చేవాళ్ళున్నారు. మీ తాజాకలం రాసిన మనిషికి నచ్చవు.

ఇంకో దారి గురించి ఎవరూ చెప్పరు, కొత్తది ఏదీ మొదలుపెట్టకపోవడం. నాలుగో పుస్తకమే మళ్ళీ తీసి, వరస పట్టించుకోకుండా బ్రియెన్ అధ్యాయాలు మాత్రం ఏరుకుని చదవడం. దీనివల్ల వచ్చే నష్టం ఒకటుంది. ఆరో పుస్తకం ఇప్పటిదాకా రాలేదు, బ్రియెన్ కథ మధ్యలోనే వేలాడుతోంది, అది మళ్ళీ గుచ్చుకుంటుంది. మీ ప్రాణానికి ఇప్పుడు ముగింపు ఉన్న కథే కావాలంటే ఈ దారి కాదు, పైన చెప్పిన నాలుగిట్లో ఏదో ఒకటి.

దేన్ని ఎంచుకున్నా, మొదలుపెట్టే ముందు అందులో ఏమేం ఘోరాలున్నాయో పాఠకులు రాసి పెట్టిన హెచ్చరికలు చూసుకోండి. స్పాయిలర్ అవుతుందని భయపడకండి. పసిపిల్ల చావు, ఆస్పత్రి, తండ్రి, ఈ మూడు మాటల కోసం వెతికితే చాలు. "మధ్యలో వదిలేసే పుస్తకం వద్దు" అన్నారు కదా, ఆ హామీ మాత్రం నేను ఇవ్వలేను, ఎవరూ ఇవ్వలేరు. వదిలేసిన పేజీ నంబరు మొదటి అట్ట లోపల పెన్సిల్‌తో రాసి పెట్టండి. అలా రాస్తే అది ఆగిన పుస్తకం అవుతుంది, ఓడిపోయిన పుస్తకం కాదు. నా దగ్గర అలాంటివి పదిహేను దాకా ఉన్నాయి.

ఇక మీ తమ్ముడు. ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు ఒక చోట ముల్లు గుచ్చుకుంది. ఆయన లిస్టు పంపింది నాన్నగారు పోయిన మూడు వారాలకు. పోయింది ఆయనకూ నాన్నే. ఆ మూడు వారాల్లో పదకొండు పుస్తకాలు, అదీ ఒకదాన్ని మించి ఒకటి ఘోరమైనవి, ఏరి కూర్చిన మనిషి ఏ స్థితిలో ఉండి ఉంటాడు? కొందరు బాధలో ఉన్నప్పుడు మెరిబాల్డ్ లాంటివాడి మాటలు వింటారు. కొందరికి తమ లోపలి దానికన్నా పెద్ద చప్పుడు బయట ఉండాలి, లేకపోతే లోపలిది వినబడుతుంది. "ఇంతేనా నీ టేస్టు" అన్నది మిమ్మల్ని తక్కువ చేయడానికే అన్నాడేమో, కాదనను. తను నడుస్తున్న దారిలో తోడు రమ్మని అడగడం రాక అన్నాడేమో కూడా. దగ్గరుండి చూసేది మీరు కాబట్టి ఏది నిజమో మీకే తెలియాలి.

దీన్ని తేల్చుకోవడానికి టేస్టుల మీద వాదన పెట్టుకుంటే ఇద్దరికీ నోరు నొప్పి తప్ప ఏమీ మిగలదు. ఏమీ అనకుండా ఊరుకుంటే లిస్టులు వస్తూనే ఉంటాయి, మీరు ఒక్కోటీ బట్టల కింద పెడుతూనే ఉంటారు. నేరుగా అడగడం మూడో దారి. "ఆస్పత్రిలో నేను గ్లోక్తాను చదువుకున్నాను రా, నువ్వు ఆ రోజుల్లో ఏం చదివావు?" అని. జవాబు దాటేయొచ్చు, జోకేసి ఫోన్ పెట్టేయొచ్చు, ఆ మాటకు మీరిద్దరూ ఏడవనూ వచ్చు. దాటేస్తే వదిలేయండి, మళ్ళీ గుచ్చి అడగకండి. చెబితే మాత్రం పుస్తకం పేరు ఒక్కటే అడిగి ఊరుకోకుండా, ఏ చోటు మళ్ళీ మళ్ళీ చదివాడో కూడా అడగండి.